ఒక్క తుపాకీ లేని యుద్ధ మ్యూజియంలో

పద్నాలుగేళ్ళపాటు నేను యుద్ధంలో ఉన్నాను. ఒకటి కాదు, రెండు ప్రపంచ యుద్ధాలు. ఫ్రాన్సు బురద నా చేత్తో కలిపాను. బర్మా అడవిలో వెదురు గుడిసె కట్టాను. మొన్న యాభై ఆరో ఏట నడుము మొరాయిస్తే విరమించాను. తగిలిన గాయాలు: ఎడమ బొటనవేలి మీద సుత్తి దెబ్బ ఒకటి.

నమ్మకం కలగకపోతే సరళను అడగండి. సరళ నా భార్య, సన్నీవేల్‌లో సాఫ్ట్‌వేర్ ఇంజనీరు. "ఆయన చెప్పిందాంట్లో సగం తీసెయ్యండి. మిగతా సగం నాకు ఫోన్ చేసి కనుక్కోండి" అంటుంది.

విషయం ఇది. శాన్‌ఫ్రాన్సిస్కో అఖాతానికి తూర్పున, ఒకప్పుడు పీచ్ పళ్ళు డబ్బాల్లో నింపిన పాత షెడ్డులో ఒక చిన్న మ్యూజియం ఉంది. ప్రపంచ యుద్ధాల్లో సైనికులు ఎలా పడుకున్నారు, ఏం తిన్నారు, జీతమెంత, ఆ జీతం ఏమైంది, ఇవి చూపించడమే దాని పని. షెడ్డు ఇచ్చిన పెద్దమనిషి యుద్ధమంతా సైన్యపు గిడ్డంగిలో దుప్పట్లు పంచిన గుమాస్తా. ఒక్క తుపాకీ కూడా లోపలికి రాకూడదని, తుపాకులకు కావలసినన్ని మ్యూజియాలున్నాయని, దుప్పటికే లేదని వీలునామాలో రాసి పోయాడు.

అక్కడ నేను ప్రదర్శనలు తయారుచేసేవాణ్ణి. తెనాలిలో నాటకాలకు తెరలు గీసి, అట్టతో రాజభవనాలు నిలబెట్టిన చేతులివి. సరళ ఉద్యోగం వెంట ఇక్కడికి వచ్చి, వర్క్ పర్మిట్ దొరికిన వారమే ఇంటర్వ్యూకి వెళ్ళాను. "ఎండిపోని, వాసన రాని బురద చేయగలవా?" అని అడిగారు. కాఫీ పిప్పి, ఇసుక, జిగురు కలిపి సాయంత్రానికి బకెట్టెడు బురద చేసిచ్చాను. అందులో ఒక బోర్డు మెంబరు పడ్డాడని చెబుతుంటాను. పడలేదు. జారాడు.

ఈ మధ్య మన పిల్లలు ఒకరిద్దరు "అంకుల్, మ్యూజియం జాబ్‌లో యాక్చువల్‌గా ఏం చేస్తారు?" అని అడుగుతున్నారు. ఉద్యోగానికి దరఖాస్తు ఎలా పెట్టాలో, జీతం ఎప్పుడు పెరుగుతుందో నేను చెప్పను. రెండోది నాకూ తెలియలేదు. నేను చేసిన తప్పులు మాత్రం చెబుతాను.

ఎవరు పోయారు?

మొదట్లో ఒక సైనికుడి గుడారం తయారుచేశాను. మంచం మీద దుప్పటి ముడత లేకుండా లాగి కట్టాను. బూట్లు అద్దంలా తుడిచాను. దిండు పక్కన ఒక అమ్మాయి ఫోటో. నా పనికి నేనే మురిసిపోతూ నిలబడ్డాను.

అప్పుడు వచ్చాడు హెరాల్డ్. మా దగ్గర జీతం లేకుండా పనిచేసే వాలంటీరు. ఎనభై దాటాయి. రెండో యుద్ధంలో ఫ్రాన్సులో పదాతిదళ సైనికుడు. గుడారంలోకి తల పెట్టి చాలాసేపు చూశాడు.

"ఎవరు పోయారు?" అన్నాడు.

"ఎవరూ పోలేదే."

"ఇంత శుభ్రంగా ఉండేది పోయినవాడి మంచమే. తడిసిన మేజోళ్ళు ఎక్కడ ఆరేశావు?"

బయట కట్టిన తాడు చూపించాను.

"చలికాలం కదా. తెల్లారేసరికి కర్రలైపోతాయి. చొక్కా విప్పు."

నవ్వులాటకు అంటున్నాడనుకున్నాను. కాదు. ఒక జత మేజోళ్ళు నీళ్ళలో ముంచి పిండి, నా చొక్కా లోపల పొట్ట మీద పెట్టి, పైన బొత్తాలు పెట్టేశాడు. "మేం ఇలాగే ఆరబెట్టుకునేవాళ్ళం. భోజనం టైం దాకా ఉంచుకో. తర్వాత మంచం మీద మళ్ళీ పక్క వెయ్యి" అన్నాడు. ఆ తర్వాత పరిచిన మంచం వేరు. అందులో మనిషి ఉన్నాడు.

పిల్లలూ, ఇది రాసుకోండి. యుద్ధానికి వెళ్ళొచ్చినవాణ్ణి యుద్ధం గురించి అడగకండి. మీరు ఏం వినాలనుకుంటున్నారో అదే చెబుతాడు. మేజోళ్ళ గురించి అడగండి. నేను కోతలు కోసేవాణ్ణి కాబట్టి నాకు తెలుసు: అబద్ధాలాడేవాడికి ఫిరంగులు బాగా గుర్తుంటాయి, సబ్బు గుర్తుండదు.

మ్యూజియంలో పెట్టిన జీతాల బల్ల కూడా హెరాల్డ్ సలహాయే. నెలకోసారి బల్ల వేసేవారట. సెల్యూట్ కొట్టి, పేరు చెప్పి, సంతకం పెట్టి, నోట్లు తీసుకోవాలి. మామూలు సిపాయికి నెలకు యాభై డాలర్లు. ఇన్సూరెన్సుకు కొంత, చాకలికి కొంత, ఇంటికి కొంత ముందే పోయేవి. మిగిలింది పాచికలాటలో పోయేది.

"సాయంత్రానికల్లానా?" అని అడిగాను.

"భోజనానికి ముందే" అన్నాడు.

ఎర్ర చుక్కలు

మా డైరెక్టరు కాథ్లీన్. అంతకుముందు లైబ్రరీలో పనిచేసిన మనిషి. నోట్లో మాట బయటికి వచ్చేముందు దానికి కూడా నంబరు వేసి పెట్టుకుంటుందేమో అనిపించేది.

ఒకరోజు స్కూలు పిల్లలు వచ్చారు. నేను ఊరుకోలేక, సైన్యం బిస్కెట్టు ఎంత గట్టిదో చెప్పాను. ఒక సైనికుడి జేబులో ఉన్న బిస్కెట్టు తూటాని ఆపేసిందనీ, వాడికి ఆకలేసి తూటా చుట్టూ కొరుక్కు తిన్నాడనీ. పిల్లలు చప్పట్లు కొట్టారు. వెనక్కి తిరిగితే కాథ్లీన్.

"ఇది ఎవరు చెప్పారు?"

"ఒక పెద్దాయన."

"పేరు?"

"పోయాడు."

"ఎలా?"

"బిస్కెట్టు తిని."

ఆ మర్నాటి నుంచి కొత్త పద్ధతి వచ్చింది. నేను రాసే ప్రతి లేబులూ ఆవిడ చూస్తుంది. కాగితం ఆధారం లేని ప్రతి వాక్యం పక్కనా గుండ్రటి ఎర్ర స్టిక్కరు అంటిస్తుంది. మొదటి ఏడాది నా లేబుళ్ళన్నీ పేరంటానికి వెళ్తున్న ముత్తైదువుల్లా ఉండేవి.

మూడేళ్ళు ఆవిడ మీద పళ్ళు నూరాను. ఇప్పుడు నిష్పక్షపాతంగా చెబుతున్నాను: మీకు అలాంటి బాస్ దొరికితే వదలకండి. మెచ్చుకునే బాస్ దగ్గర నేను ఏడాదిలో పనికిరాకుండా పోయేవాణ్ణి.

తెనాలివాడి రొట్టెలు

తర్వాత ఆర్థిక మాంద్యం వచ్చింది. సరళ ఆఫీసులో వారానికొక టేబుల్ ఖాళీ అవుతున్న రోజులు. మా మ్యూజియానికీ విరాళాలు తగ్గాయి. ఆ సమయంలో నేను పట్టుబట్టి ఒక గది అడిగాను. బర్మా యుద్ధంలో భారతీయ సిపాయి ఎలా బతికాడో చూపిస్తానన్నాను. బోర్డు ఒక షరతు పెట్టింది. ఒక సీజను చూస్తారు. బయటి నుంచి ఒక చరిత్ర ప్రొఫెసరు వచ్చి బాగుందంటే గది శాశ్వతంగా ఉంటుంది. లేకపోతే పెళ్ళిళ్ళకు అద్దెకిచ్చే కుర్చీలు అందులో పెడతారు.

వెదురు గుడిసె కట్టాను. వెదురు మంచం, దోమతెర, మరచెంబు. టిఫిన్ గిన్నెలో ప్లాస్టర్‌తో చేసిన రొట్టెలు నాలుగు. పెనం మీద కాలిన మచ్చలు ఒక్కొక్కటీ సన్న కుంచెతో వేశాను.

ఒక శనివారం అఖాతం తూర్పు వైపు ఊళ్ళలోని తెలుగు చర్చివాళ్ళు బస్సులో వచ్చారు. చక్రాల కుర్చీలో ఒక పెద్దావిడ. తెల్ల చీర, చేతిలో నల్ల సంచి. పేరు రూతమ్మ. ఎనభై అయిదేళ్ళు. కుర్చీ తోస్తున్నది ఆవిడ కొడుకు డాక్టర్ శాంసన్ గారు. డెబ్బైల్లో ఈ దేశం వచ్చి, రిటైరై, డబ్లిన్‌లో, ఐర్లండ్‌ది కాదు, మా పక్క ఊరు డబ్లిన్‌లో ఉంటున్నారు.

ఆవిడకు చూపు బాగా మందగించింది. గిన్నెలోకి చెయ్యి పెట్టి తడిమింది.

"ఎవరు బాబూ ఇది చేసింది?"

"నేనేనండి."

"ఏ ఊరు మీది?"

"తెనాలి."

"తెనాలివాడివయ్యుండి మా ఆయనకి రొట్టెలు పెట్టావా?"

బస్సు బస్సంతా నవ్వింది. ఆవిడ మాత్రం నవ్వలేదు. భర్త దేవదానం చీరాల దగ్గరివాడనీ, వంతెనలు కట్టే దళంలో సిపాయి అనీ, బర్మాలో మూడేళ్ళున్నాడనీ, యుద్ధం నుంచి క్షేమంగా వచ్చి ఇరవై ఏళ్ళ కిందట పోయాడనీ చెప్పింది. "అన్నం లేకపోతే ఆయనకి తిన్నట్టే ఉండేది కాదు. ఎప్పుడూ అదే రాసేవాడు" అంది.

నా మొహం ఎక్కడ పెట్టుకోను? చీరాల దగ్గరి సిపాయికి తెనాలివాణ్ణి రొట్టెలు పెట్టాను. భారతీయ సిపాయి అనగానే ఫోటోల్లో కనిపించే తలపాగాలూ రొట్టెలే నా కళ్ళ ముందుకొచ్చాయి. మా వైపు నుంచి కూడా మనుషులు వెళ్ళారని నాకే తట్టలేదు. ఇలాంటి తప్పు అమెరికావాడు చేస్తే తెలియక అంటాం. నేను చేస్తే ఏమనాలి?

కోసిన కోత

ప్రొఫెసరు గారు వచ్చి, గుడిసె అంతా తిరిగి, ఒక్క ప్రశ్న వేశారు. "బాగా కట్టారు. కానీ ఇది ఎవరిది?"

హెరాల్డ్ నాకు నేర్పిన పాఠమే. మంచం ఉంది, మనిషి లేడు. బోర్డు గదిలో అందరూ నావైపు చూశారు. కుర్చీలు సర్దడానికి కొలతలు తీస్తున్నట్టు అనిపించింది. నేను లేచి నిలబడ్డాను.

"దేవదానం అనే సిపాయిది. ఆయన భార్య ఇక్కడే డబ్లిన్‌లో ఉన్నారు. తెలుగువాడు. ఆ రొట్టెలు నా తప్పు, ఆయన ఒక్కటి కూడా ముట్టలేదు. బియ్యం కోసం అధికారులతో పోట్లాడాడు. ఉత్తరాల్లో అంతా రాశాడు."

"ఆ ఉత్తరాలు నీ దగ్గరున్నాయా?" అంది కాథ్లీన్.

"ఉన్నాయి."

"నువ్వు చూశావా?"

"నా చేత్తో పట్టుకున్నాను."

మీటింగ్ అయ్యాక ఆవిడ నన్ను పక్కకు పిలిచింది. గొంతు పెంచలేదు. "రెండు వారాల్లో అవి నా బల్ల మీద ఉండాలి. ప్రొఫెసరు గారిని మళ్ళీ పిలుస్తాను. ఇది కూడా బిస్కెట్టే అయితే గుడిసెతోపాటు నీ పనిముట్లు కూడా సర్దుకో."

సరళకు చెప్పాను. "ఉన్నాయా?" అంది. "ఉండాలి" అన్నాను. తను లాప్‌టాప్ మూసి, నా వైపు చూసి, మళ్ళీ తెరిచింది. అంతకన్నా తిట్టినా బాగుండేది.

డబ్లిన్‌లో టీ

ఆదివారం చర్చి అయ్యాక వాళ్ళింటికి వెళ్ళాను. శాంసన్ గారు టీ ఇచ్చారు. వచ్చిన పని చెప్పగానే చెయ్యి అడ్డంగా ఊపారు.

"లెటర్సా? నాన్నగారి పెట్టె మొత్తం తుఫానులో పోయింది రత్నం గారూ. పే బుక్, ఫోటోలు, అన్నీ. ఒక్క కాగితం కూడా సేవ్ చెయ్యలేకపోయాం. సారీ అండి."

నా బల్ల, నా సుత్తులు, ఎండిపోని బురద బకెట్టు, అన్నీ కారు డిక్కీలోకి ఎక్కుతున్నట్టు కనిపించింది.

హాల్లో ఉన్న రూతమ్మ గారు అడిగారు. "ఏం కావాలంట ఆ తెనాలి అబ్బాయికి?"

"నాన్న ఉత్తరాలమ్మా."

"ఆయన ఉత్తరాలు రాసిందెప్పుడు? కార్డు ముక్క కూడా దండగ అనేవాడు."

నేను లేచి వెళ్ళి ఆవిడ ఎదురుగా నేల మీద కూర్చున్నాను. "మరి తిండి గురించి రాసేవారని ఆ రోజు అన్నారు గదమ్మా?"

"రాసేవాడు. మనియార్డరు మీద."

పాతవాళ్ళకు తెలుసు. మనియార్డరు ఫారం చివర చిన్న ముక్క ఉంటుంది. పోస్టుమాన్ డబ్బు చేతిలో పెట్టి, ఆ ముక్క చించి ఇస్తాడు. పంపినవాడు దాని మీద రెండు మాటలు రాసుకోవచ్చు. దేవదానం గారు జీతంలోంచి నెలనెలా పది రూపాయలు సైన్యం పోస్టాఫీసు నుంచి పంపేవారు. ఆ ముక్క మీద మాట ఉచితం. దాన్ని వదులుతారా!

"అవి ఉన్నాయామ్మా?"

"ఎందుకుండవు? నా బైబిల్లోనే ఉన్నాయి."

శాంసన్ గారు టీ ట్రే కింద పెట్టేశారు. "అమ్మా! నాకెప్పుడూ చెప్పలేదే!"

"నువ్వెప్పుడు అడిగావు? పొద్దస్తమానం బీపీ ఎంతుందో అడిగావు గాని."

నల్ల సంచిలోంచి బైబిల్ తీసింది. దానికి పూల గుడ్డతో కుట్టిన తొడుగు. కుట్టు విప్పమంది. అట్టకీ గుడ్డకీ మధ్య, సూదితో గుచ్చి దారం కట్టిన ముక్కలు. ఇరవై మూడు. వరసగా ఉన్నాయి. నేను మొదటిది చదవబోయేసరికి ఆవిడే కళ్ళు మూసుకుని మొదలుపెట్టింది.

"'క్షేమము. వాన. పడక తడిసినది. కూర్చుండి నిద్రపోవుచున్నాను. అలవాటైనది.'"

కాగితం మీద అక్షరం పొల్లుపోకుండా అదే ఉంది.

"అన్నీ నోటికి వచ్చా అమ్మా?"

"అప్పట్లో నాకు చదువు రాదు. పోస్టుమాన్ వాకిట్లో నిలబడి చదివేవాడు, వీధంతా వినేది. మూడో మనియార్డరు చదివాక ఎదురింటావిడ నెల్రోజులు నవ్వింది. సిగ్గేసి ఆ ఆదివారమే మిషన్ బడి నడిపే అమ్మగారి దగ్గర పలక పట్టా. తర్వాతవన్నీ నేనే చదువుకున్నా. ఎన్నిసార్లంటావు, లెక్కా? ఎక్కడున్నాడో రాయనిచ్చేవాళ్ళు కాదు. ఏం తింటున్నాడో రాస్తే ఎవరికి నష్టం? అందుకని తిండే రాసేవాడు."

చూశారా? నేను ఉత్తరాలు అడిగాను, ఉత్తరాలు లేవన్నారు. అక్కడితో లేచి వచ్చేసి ఉంటే ఆ గుడిసె కుర్చీల పాలయ్యేది. మనుషుల్ని మీకు కావలసిన వస్తువు పేరు చెప్పి అడగకండి. ఆ రోజుల్లో వాళ్ళు ఒకరికొకరు మాట ఎలా చేరవేసుకున్నారో అడగండి.

చొక్కా జేబు

ఇప్పుడు నేను దాచదలుచుకున్న సంగతి.

ఎదురింటావిడను నవ్వించిన ఆ మూడో ముక్క మీద ఇలా ఉంది: "క్షేమము. మూడు నెలలుగా రొట్టెలే పెట్టుచున్నారు. తినుచున్నాను. నీ పప్పుకు వంక పెట్టినందుకు నాకిది కావలసినదే."

ఒక్క రొట్టె ముట్టలేదని బోర్డు ముందు కోశానా? మూడు నెలలు తిన్నాడు. బియ్యం తర్వాతెప్పుడో వచ్చింది. అధికారులతో పోట్లాడిన జాడ ఎక్కడా లేదు. నకళ్ళు తీసుకోవడానికి శాంసన్ గారు ముక్కలు నాకు అప్పగించారు. దారం విప్పి గరాజ్‌లో పరిచాను. పరిచినవి ఇరవై రెండు. మూడోది నా చొక్కా జేబులోకి వెళ్ళింది. ఒక్కటే కదా, ఇరవై రెండు చాలవా అనుకున్నాను.

శనివారం పొద్దున సరళ బట్టలు ఉతకడానికి వేస్తూ జేబులు తడిమింది. "ఇదేంటి? అరవై ఏళ్ళు దాటిన కాగితాన్ని వాషింగ్ మెషీన్‌లో వేసేదాన్ని!"

చెప్పాను.

"ఆవిడకి వరసగా అన్నీ నోటికి వచ్చన్నావు. మూడోదేదీ అని అడిగితే ఏం చేస్తావు?"

నీతికి భయపడి దాన్ని తిరిగి మిగతావాటితో చేర్చానని రాసుకోవచ్చు. కానీ రాసేది పిల్లల కోసం. నేను రూతమ్మ గారికి భయపడి చేర్చాను. దాన్ని మూడో చోట కాదు, అన్నిటికన్నా పైన పెట్టాను.

పదకొండోది

గడువు రోజున శాంసన్ గారు తల్లిని తీసుకుని వచ్చారు. బల్లకు అటు కాథ్లీన్, ప్రొఫెసరు గారు. ముక్కలు ముందు పెట్టాను.

"పైన ఉన్నది నేను చెప్పినదానికి వ్యతిరేకంగా ఉంది" అన్నాను. "ఆయన రొట్టెలు తిన్నాడు. మూడు నెలలు. ఆ రోజు నేను కోశాను."

ప్రొఫెసరు గారు కళ్ళజోడు పైనుంచి కాథ్లీన్‌ని చూశారు. కాథ్లీన్ ఒక ముక్క తీసి వెలుతురుకు పట్టింది.

"రత్నం, నువ్వు వారానికోసారి టీ నీళ్ళలో కాగితాలు నానబెట్టి పాతవి చేస్తావు. నీ పనే అది. బాగా చేస్తావు కూడా. ఇవి నువ్వు చేసినవి కావని ఎలా నమ్మను? మన మ్యూజియంలో తెలుగు చదవగలిగేది నువ్వొక్కడివే."

ఎవరైనా నాలాంటివాడు వస్తే నేనూ ఇదే అడుగుతాను.

"నన్ను బయటికి పంపండి" అన్నాను. "తెలుగు వచ్చిన బయటివాళ్ళని ఎవరినైనా మీరే పిలిచి ఇవి చదివించండి. రూతమ్మ గారికి కళ్ళు కనబడవు. కాగితం ఆవిడ చేతికి ఇవ్వకుండా ఎన్నోది కావాలో అడగండి. ఆవిడ చెబుతారు."

కాథ్లీన్ ఆ పని ముందే చేసింది. ఒక యూనివర్సిటీ లైబ్రరీ నుంచి తెలుగు తెలిసిన ఒకావిడను పిలిపించి పక్క గదిలో కూర్చోబెట్టింది. నేను బయటికి నడిచాను.

బయట జీతాల బల్ల దగ్గర హెరాల్డ్ కూర్చుని ఉన్నాడు.

"మాట్లాడకుండా ఎంతసేపు ఉండగలవు?"

"తెలియదు. ఎప్పుడూ చూడలేదు."

లోపల జరిగింది శాంసన్ గారు తర్వాత చెప్పారు. నేను కలిపింది ఏమీ లేదు. కాథ్లీన్ పదకొండోది అడిగింది. రూతమ్మ గారు కొంగు సర్దుకుని చెప్పారు: "'క్షేమము. బియ్యము బస్తా ఆకాశము నుండి పడినది. పగిలినది. ఏరుకొని వండుకొంటిమి. రాళ్ళున్నవి. అయినను అన్నమే.'" శాంసన్ గారు ఇంగ్లీషు చేశారు. లైబ్రరీ ఆవిడ కాగితం చూసి తన ఇంగ్లీషు చెప్పారు. రెండూ ఒకటే. ఏడోది అడిగారు. అదీ అంతే. పంతొమ్మిదోది వచ్చేసరికి లైబ్రరీ ఆవిడ ఆగిపోయారు.

"'క్షేమము. అన్నియు ఉన్నవి...' తర్వాత ఒక మాట పురుగు కొట్టేసిందండి. చదవలేను. '...లేదు. దేవుడున్నాడు.'"

"ఉప్పు" అన్నారు రూతమ్మ గారు. "ఉప్పు లేదు."

ప్రొఫెసరు గారు కుర్చీ ముందుకు జరుపుకుని, మొదటిసారి నేరుగా ఆవిడనే అడిగారట. "ఉప్పు లేకుండా ఎన్నాళ్ళున్నారు?"

"తర్వాతి మనియార్డరు దాకా. దాంట్లో 'ఉప్పు వచ్చినది' అని రాశాడు. ఇంకేం రాయలేదు. అంత సంతోషం."

ప్రొఫెసరు గారు ఇరవయ్యోది తీసి లైబ్రరీ ఆవిడకు ఇచ్చారు. ఉప్పు వచ్చినది.

బయట నేను ఇరవై నిమిషాలు మాట్లాడలేదు. హెరాల్డ్ సాక్షి. తలుపు తెరుచుకుంది.

"పనిముట్లు తీసుకో" అంది కాథ్లీన్.

సుత్తుల కోసం నా బల్ల వైపు రెండడుగులు వేశాను.

"తీసుకుని గుడిసెకి పద. ఆ రొట్టెల పక్కన ఇంకో గిన్నె కావాలి. అన్నం. రాళ్ళతో సహా."

హెరాల్డ్ బల్ల మీద చరిచిన చప్పుడుకి పక్క గదిలో టూరిస్టులు బయటికి వచ్చి చూశారు. వాళ్ళకు యుద్ధం గెలిచామని చెప్పాను. ఏ యుద్ధమని అడిగితే, రెండూ అన్నాను.

మెతుకులు

నిజం అన్నం పెడితే పురుగులు పడతాయి. మెతుకులు ప్లాస్టిక్ ముద్దతో ఒక్కొక్కటీ చేతితో చుట్టాలి. సరళా నేనూ వంటింటి బల్ల దగ్గర కూర్చుని తొమ్మిది రోజులు చుట్టాం. నాలుగువేల మెతుకులని చెబుతుంటాను. సరళ రెండువేలంటుంది. మొదటి గిన్నె డబ్లిన్ తీసుకెళ్ళి చూపిస్తే రూతమ్మ గారు వేళ్ళతో నలిపి చూసి తిరగ్గొట్టారు. "ఇంత సన్నబియ్యం సిపాయికి ఎవరిచ్చారయ్యా? మెతుకు లావుగా ఉండాలి. సగం నూకలు." మళ్ళీ చుట్టాం. నిపుణులంటే ఎవరో మీకు ఇప్పుడు తెలిసి ఉంటుంది.

గది తెరిచిన రోజు చర్చి మొత్తం వచ్చింది. పట్టుచీరలు, పులిహోర ట్రేలు, పార్కింగ్ కోసం రెండు వీధుల దాకా కార్లు. ఇరవై మూడు ముక్కలూ పెద్దవి చేసి వెదురు గోడ మీద వరసగా పెట్టాం. తెలుగు పైన, ఇంగ్లీషు కింద. రొట్టెల ముక్క మూడో చోటే ఉంది. గది ఇక శాశ్వతమని బోర్డు రాసిచ్చింది. గుమ్మం మీద దేవదానం గారి పేరు.

ప్రొఫెసరు గారు తన విద్యార్థుల్ని వెంటబెట్టుకుని వచ్చారు. రూతమ్మ గారు గుడిసె గుమ్మంలో కుర్చీ వేయించుకుని, ఎవరు ఎన్నో నంబరు అడిగితే అది ఒప్పజెబుతున్నారు. అమెరికన్లు వరసలో నిలబడి, తెలుగు అర్థం కాకపోయినా చివరిదాకా విని, కింద ఇంగ్లీషు చదువుకుని ముందుకు జరుగుతున్నారు. మూడోది అయిదుసార్లు అడిగారు. ప్రతిసారీ నవ్వు. ఈసారి ఆవిడకు సిగ్గు లేదు. ఆరోసారి ఎవరూ అడక్కుండానే చెప్పారు.

జనం పలచబడ్డాక కాథ్లీన్ వచ్చి ఆవిడ కుర్చీ పక్కన మోకాళ్ళ మీద కూర్చుంది. శాంసన్ గారు రెండడుగుల దూరంలోనే ఉన్నారు. లైబ్రరీ ఆవిడ కూడా పులిహోర తింటూ అక్కడే ఉన్నారు. కాథ్లీన్ వాళ్ళిద్దరినీ చూసి, నా వైపు తిరిగింది.

"రత్నం, నువ్వు చెప్పు ఆవిడకి. ఈ షెడ్డు నిలబడి ఉన్నన్నాళ్ళూ ఈ గది ఆయనదే."

నేను చెప్పాను. ఒక్క మాట కలపలేదు. సరళ అక్కడే ఉంది, అడగండి.

రూతమ్మ గారు గది పైకప్పు దాకా తలెత్తి, కనిపించినంత మేర చూశారు. తర్వాత కొడుకు వైపు తిరిగారు.

"ఏరా శాంసన్, ఇంత గది! ఈ ఊళ్ళో! అద్దె లేకుండానా?"